క్రైస్తవ లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి మార్గదర్శక సూత్రాలు ఎలా రాసుకోవాలి?

నర్సాపురం దగ్గర మీ సంఘం పెట్టబోయే డిగ్రీ కాలేజీకి అమెరికా క్రైస్తవ కాలేజీల సూత్రాలను నమూనాగా తీసుకోవచ్చా అని అడిగారు. చదవండి, కానీ మక్కీకి మక్కీ దించకండి. ఇల్లినాయ్‌లో 1860లో మొదలైన వీటన్ లాంటి కాలేజీల్లో అధ్యాపకులు విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి, విద్యార్థులు నడవడిక ఒడంబడికకు ఒప్పుకోవాలి, చాపెల్‌కి (కాలేజీలో జరిగే ప్రార్థన కూటానికి) తప్పకుండా రావాలి. సొంతంగా డిగ్రీలు ఇచ్చుకునే ప్రైవేటు సంస్థలు కాబట్టి వాళ్ళకి చెల్లుతుంది. మీరు ఆదికవి నన్నయ యూనివర్సిటీకి అనుబంధంగా నడవాలి.

రాజ్యాంగం 30(1) అధికరణ ప్రకారం కాలేజీ పెట్టుకుని నడుపుకునే హక్కు మైనారిటీగా మీకుంది. అయితే 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థలో ఎవరినీ వాళ్ళ సమ్మతి లేకుండా ఆరాధనకో మతబోధకో రమ్మనకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ఇంటర్ అయి వచ్చిన పిల్లల్లో 17 ఏళ్ళవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి అడ్మిషన్ రోజునే తల్లిదండ్రుల సంతకంతో విడి కాగితం తీసుకోండి, ఫీజు రసీదు వెనకో దరఖాస్తు చివర చిన్నక్షరాల్లోనో కాదు. చాపెల్ పొద్దున్నే పెట్టకండి. సఖినేటిపల్లి నుంచి పంటు దాటి వచ్చేవాళ్ళకి, మొగల్తూరు బస్సులో వచ్చేవాళ్ళకి అది ఎలాగూ అందదు. భోజనానికి ముందు ఇరవై నిమిషాలు చాలు. రానివాళ్ళకి ఆ సమయంలో లైబ్రరీ తెరిచి ఉంచండి. చాపెల్ హాజరు పట్టీ క్లాసు హాజరులో కలవకూడదు. కలిస్తే సమ్మతి అన్నమాట కాగితానికే మిగులుతుంది.

కమిటీల్లో ఎవరూ పైకి ఎత్తని విషయం ఒకటుంది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవాళ్ళకి ఎస్సీ హోదా వర్తించదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగం) కిందికి వస్తారు. డెల్టా పల్లెల్లో ఈ గీత ఎంత సున్నితమో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని ప్రతి విద్యార్థినీ బాప్తిస్మం సర్టిఫికెట్, పాస్టరు ఉత్తరం అడిగే నిబంధన రాయకండి. ఆ కాగితం ఎస్సీ హోదాకే ఎసరు పెట్టి స్కాలర్‌షిప్పు దాకా పోతుంది. మైనారిటీ సీటు కోరినవాళ్ళని మాత్రమే, ఆ సీటుకి కావలసినంత వరకే అడగండి. రేపు ప్రభుత్వ సాయం తీసుకుంటే 29(2) కూడా చూసుకోవాలి, మతం కారణంగానే ప్రవేశం నిరాకరించడం కుదరదు.

అధ్యాపకుల దగ్గర కూడా కాస్త ఆగి ఆలోచించండి. అందరూ విశ్వాసులే కావాలని రాస్తే, పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు) లేదా పీహెచ్‌డీ ఉన్న ఫిజిక్స్ లెక్చరర్‌ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూస్తారు, ఆఖరికి అర్హత లేనివాళ్ళతో నెట్టుకొస్తారు. విశ్వాస ప్రకటనను ట్రస్టు సభ్యులకి, ప్రిన్సిపాలుకి, చాప్లెయిన్‌కి (చాపెల్ నడిపే పాస్టరుకి) పరిమితం చేయండి. మిగతావాళ్ళు సంస్థ ఉద్దేశాన్ని గౌరవిస్తామని రాసిస్తే చాలు. జువాలజీలో పరిణామవాదం సిలబస్‌లో ఉంటుంది. దాన్ని సిలబస్ ప్రకారమే చెబుతారని, ప్రశ్నలకి క్లాసులో చోటుంటుందని ముందే రాయండి. లేకపోతే మొదటి ఫిర్యాదు దాని మీదే వస్తుంది.

ఇక లిబరల్ ఆర్ట్స్ సంగతి, అంటే ఒక్క సబ్జెక్టుకే పరిమితం కాకుండా విస్తృతంగా చదివి ఆలోచించడం నేర్పే చదువు. అనుబంధ కాలేజీ సిలబస్ మార్చలేదు, ఆ వెసులుబాటు స్వయంప్రతిపత్తి వచ్చాకే. ఈలోగా ఏ సబ్జెక్టు పిల్లలైనా చదివి, వాదించి, రాసే అలవాటు నేర్పొచ్చు. వారానికొక పేజీ సొంతంగా రాయించాలనేది మంచి నియమం, కానీ లెక్క చూసుకోండి. అరవై మంది పేజీలు, పేజీకి ఐదు నిమిషాలైనా ఐదు గంటలు. అధ్యాపకుడికి ఇరవై మందికి మించి అప్పగిస్తే టిక్కులు పెట్టి తిరిగిచ్చేస్తారు. మొదటి ఏడాది తెలుగులో రాయనివ్వండి. వాదన నేర్చుకుంటూనే ఇంగ్లీషు కూడా నేర్చుకోమంటే రెండూ రావు.

విశ్వాసాన్ని చదువుతో కలపడమంటే కెమిస్ట్రీ క్లాసుకి ముందు వాక్యం చదవడం కాదు (చాలాచోట్ల అంతకు మించి ఉండదు). రొయ్యల చెరువుల నీళ్ళు తాగునీటి కాలవలో కలిస్తే ఏమవుతుందో ల్యాబ్‌లో ఉప్పుశాతం, కరిగిన ఆక్సిజన్ కొలిపించి, పొరుగువాడి పట్ల బాధ్యత గురించి అక్కడ అడగాలి. కామర్స్ పిల్లలతో నర్సాపురం లేసు ముక్క ఖరీదు లెక్క కట్టించండి. దారం ఎంత, అల్లిన మనిషికి ఎంత, మధ్యవర్తికి ఎంత అని.

రాసేటప్పుడు ప్రతి సూత్రం కింద మూడు సంగతులు ఉండాలి: ఎవరు అమలు చేస్తారు, ఏ రికార్డులో కనబడుతుంది, తప్పితే ఎవరికి చెప్పుకోవాలి. ‘శ్రేష్ఠత, సేవ, శీలం’ అన్న మూడు మాటల దగ్గర ఆగిపోతే న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం రుజువు అడిగినప్పుడు చూపించడానికి ఫ్లెక్సీలే మిగులుతాయి. ట్రస్టు డీడులో క్రైస్తవ సమాజ విద్యాప్రయోజనం అన్న ఉద్దేశం స్పష్టంగా లేకపోతే 2004 చట్టం కింద మైనారిటీ విద్యాసంస్థల జాతీయ కమిషన్ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడతారు. అందుకని ముందు డీడు సరిచేయించుకోండి, సూత్రాలు ఆ తర్వాత రాయొచ్చు.