ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికై కూడా ఒక్క మ్యాచ్ ఆడని జాక్ లెస్లీ ఎవరు?

ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో నేనుండే గది నుంచి, ప్లిమత్ ఆర్గైల్ ఫుట్‌బాల్ క్లబ్ ఆడే హోం పార్క్ స్టేడియానికి నడిచి వెళ్లిపోవచ్చు. పార్ట్‌టైమ్ పని అయ్యాక పార్కులోంచి ఇంటికొచ్చేవాణ్ణి. స్టేడియం బయట ఒక కంచు విగ్రహం ఉండేది. చాలా రోజులు దాని పక్క నుంచే వెళ్లాను గానీ ఆగి చూడలేదు. ఒక సాయంత్రం వాన తగ్గేదాకా అక్కడే నిలబడాల్సి వచ్చి, ఆ విగ్రహం జాక్ లెస్లీదని, ఆయనెవరో తెలుసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

జాక్ లెస్లీ 1901లో లండన్ తూర్పు వైపు, రేవుల దగ్గరి కానింగ్ టౌన్‌లో పుట్టాడు. నాన్నది జమైకా, అమ్మ ఇంగ్లిష్ ఆవిడ. కుర్రాడిగా బాయిలర్లు తయారుచేసే పని నేర్చుకుంటూనే బార్కింగ్ టౌన్ అనే చిన్న క్లబ్‌కు ఆడి 250కి పైగా గోల్స్ కొట్టాడు. 1921లో ప్లిమత్ ఆర్గైల్ క్లబ్ ఆయన్ని తీసుకుంది. ఆడిన స్థానం ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే సెంటర్ ఫార్వర్డ్‌కీ ఎడమ వింగర్‌కీ మధ్యన. ఎడమ వింగ్‌లో శామీ బ్లాక్ ఉండేవాడు. వీళ్లిద్దరి జోడీ గురించి ప్లిమత్‌లో ముసలివాళ్లు ఇప్పటికీ వాళ్ల నాన్నలు చెప్పగా విన్న కథలు చెబుతారు.

ఆర్గైల్ అప్పుడు థర్డ్ డివిజన్ సౌత్‌లో, అంటే ఇంగ్లండ్ లీగ్ మూడో అంచెలోని దక్షిణ విభాగంలో ఆడేది. ఆ రోజుల్లో అక్కడి నుంచి పై డివిజన్‌కు ఒక్క జట్టే, మొదటి స్థానంలో వచ్చిన జట్టే, వెళ్లేది. 1922 నుంచి 1927 దాకా వరుసగా ఆరేళ్లు ఆర్గైల్ రెండో స్థానంలోనే ఆగిపోయింది. ఆరేళ్లు! నోటికాడి ముద్ద జారిపోవడమంటే ఇదే. చివరికి 1930లో మొదటి స్థానం కొట్టి పైకి వెళ్లారు, ఆ జట్టులో లెస్లీ ఉన్నాడు. మొత్తం మీద ఆ ఒక్క క్లబ్‌కే సుమారు 400 మ్యాచ్‌లు ఆడి 137 గోల్స్ చేశాడు.

ఇక అసలు విషయం. 1925 అక్టోబర్‌లో ఆర్గైల్ మేనేజర్ బాబ్ జాక్ ఆయన్ని ఆఫీసులోకి పిలిచి, నిన్ను ఇంగ్లండ్‌కు ఎంపిక చేశారని చెప్పాడు. అప్పట్లో ఇంగ్లండ్ జట్టును మేనేజర్ కాదు, ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) సెలక్షన్ కమిటీ ఎంచేది. థర్డ్ డివిజన్ ఆటగాడికి ఆ పిలుపు రావడం చాలా అరుదు. బెల్‌ఫాస్ట్‌లో ఐర్లాండ్‌తో జరిగే మ్యాచ్‌కు రిజర్వ్‌గా ఆయన పేరు పేపర్లలో వచ్చింది. ఊరంతా ఒకటే సంబరం. కొన్ని రోజులకు మళ్లీ పేపర్లో జట్టు వివరాలు వచ్చాయి. ఈసారి ఆయన పేరు లేదు. ఎందుకు తీసేశారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎఫ్‌ఏ వాళ్లు మరోసారి చూసి వెళ్లడానికి వచ్చారని, చూసింది ఆటను కాదు తన ముఖాన్నని ఎవరి ద్వారానో తెలిసిందని చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. పదో తరగతిలో ఉండగా జిల్లా అండర్-17 ఫుట్‌బాల్ సెలక్షన్స్‌కు వెళ్లాను. ఏ జిల్లా అన్నది వదిలేద్దాం. రెండు రోజులు ఆడించాక సాయంత్రం గోడకు ఏ4 కాగితం అంటించారు. పదహారు పేర్లు, తొమ్మిదోది నాది. ఇంటిపేరు తప్పుగా టైప్ చేశారు, అయినా ఆ కాగితం నాకెంత అందంగా కనిపించిందో. ఆ రాత్రే నాన్న బజారుకు తీసుకెళ్లి కొత్త స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) కొన్నాడు. పొద్దున్నే వెళ్తే గోడ మీద అదే కాగితం ఉంది. తొమ్మిదో వరుస మీద నీలం పెన్నుతో ఒక గీత, పక్కన చేత్తో రాసిన ఇంకో పేరు. అడిగితే "లిస్టు మారిందిరా, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. అంతే. కారణం ఇప్పటికీ తెలీదు. స్టడ్స్ వాపసు ఇచ్చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "ఉంచుకోరా, స్కూల్లో ఆడతావుగా" అన్నాడు.

నేను రెండు నెలలు గ్రౌండ్ ముఖం చూడలేదు.

నాకు జరిగిందీ ఆయనకు జరిగిందీ ఒకటే అనడం లేదు. నాది జిల్లా జట్టు. ఆయనది దేశం, పైగా ఒంటి రంగు చూసి తీసేశారు. కానీ బెల్‌ఫాస్ట్ మ్యాచ్ జరిగిన 1925 అక్టోబర్ 24న ఆయన ఏం చేశాడో చదివినప్పుడు నా గొంతు పట్టేసింది. ఇంగ్లండ్ అక్కడ 0-0తో డ్రా చేసుకుంది. అదే రోజు లెస్లీ ఆర్గైల్ తరఫున బోర్న్‌మత్ మీద రెండు గోల్స్ కొట్టాడు. స్కోరు 7-2. లోపల అంత బాధ పెట్టుకుని ఆ మధ్యాహ్నం బూట్ల లేసులు ఎలా కట్టుకున్నాడో! నాకు చేతకానిది అదే, అందుకే ఈ మనిషంటే అంత గౌరవం.

ఆ కాలమే అంత అని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1931లో వేల్స్ తన జట్టులోకి ఎడీ పారిస్ అనే నల్లజాతి ఆటగాణ్ణి తీసుకుంది. ఆరేళ్లే తేడా. ఇంగ్లండ్ సీనియర్ జట్టులో మాత్రం 1978లో వివ్ ఆండర్సన్ వచ్చేదాకా నల్లజాతి ఆటగాడు లేడు.

అప్పటి బంతి తోలుది, మూతి దగ్గర లేసుతో బిగించేవాళ్లు. ఆ లేసు కంటికి తగిలిన గాయం లెస్లీని బాగా దెబ్బతీసింది. ఆట మానేశాక మళ్లీ బాయిలర్ల పనికే వెళ్లాడు. అందులోనూ రిటైరయ్యాక వెస్ట్ హామ్ క్లబ్‌లో పని దొరికింది. మేనేజర్ రాన్ గ్రీన్‌వుడ్ ఆయన్ని గుర్తుపట్టి చేర్చుకున్నాడు. పని ఆటగాళ్ల బూట్లు శుభ్రం చేయడం. బాబీ మూర్, జెఫ్ హర్స్ట్, మార్టిన్ పీటర్స్, అంటే 1966 ప్రపంచ కప్ గెలిచిన వాళ్ల బూట్ల మట్టి గీకి పాలిష్ పట్టాడు. ఆ పనిలో తక్కువతనం ఏమీ లేదు. కానీ ఇంగ్లండ్ చొక్కా వేసుకోవాల్సిన మనిషి కదా, అది తలుచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

ఆయన 1988లో పోయాడు. 2020లో ఇద్దరు ఆర్గైల్ అభిమానులు మొదలుపెట్టి, జనం దగ్గర చందాలు పోగుచేసి విగ్రహం పెట్టించారు. 2022 అక్టోబర్‌లో ఆవిష్కరించారు. దేశానికి ఆడినవాళ్లకు ఇచ్చే క్యాప్‌ను ఎఫ్‌ఏ 2023 మార్చిలో వెంబ్లీలో ఉక్రెయిన్‌తో మ్యాచ్ సందర్భంగా ఆయన కుటుంబానికి అందించింది. మనవరాళ్ల చేతికి వచ్చింది, 97 ఏళ్లకు పైగా ఆలస్యంగా.

ప్లిమత్ వైపు వెళ్తే రైల్వే స్టేషన్ నుంచి హోం పార్క్‌కు నడిచే వెళ్లొచ్చు. మ్యాచ్ లేని రోజు వెళ్లండి, జనం ఉండరు. ఆయన ముందు నింపాదిగా కాసేపు నిలబడొచ్చు.