రెండేళ్ల గడువున్న మందు, కలిపాక నాలుగు రోజులేనా?

ప్రశ్న: వరి నూర్పిడిలో పొట్టు పడి మా నాన్నగారి కంట్లో పుండు లేచింది. ఆస్పత్రిలో సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ పౌడరుతో చుక్కల మందు కలిపి, గంటకోసారి వేయమని ఇచ్చారు. పౌడరు సీసాకి ఇంకా రెండేళ్ల గడువుంది. కలిపిన సీసా మీద మాత్రం నాలుగు రోజులని, ఫ్రిజ్‌లో పెట్టమని రాశారు. మా ఊళ్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఆ రెండేళ్లు మూత తీయని పొడి సీసాకేనమ్మా. నీళ్లు పడ్డాక ఆ తేదీ చెల్లదు. సెఫజోలిన్ నీటిలో మెల్లగా విరిగిపోయి బలం తగ్గుతుంది, వేడికి ఇంకా త్వరగా. పైగా కంపెనీ చుక్కల మందుల్లో చాలావాటికి ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) ఉంటుంది, ఈ పౌడరులో అది లేదు. సీసా మొన ఒక్కసారి రెప్పవెంట్రుకకు తగిలితే చాలు, సూక్ష్మజీవులు లోపలికి చేరి పెరుగుతాయి. అసలే పుండున్న కన్ను!

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. తలుపు అరలో వద్దు, అక్కడ చల్లదనం నిలకడగా ఉండదు. ఐసు గడ్డకట్టే చోటికి ఆనించీ పెట్టొద్దు. మధ్య అరలో, మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. కరెంటు పోయినా తలుపు తీయకపోతే చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. కానీ మీకు గంటకోసారి చుక్క వేయాలి కదా, తలుపు తీస్తూ ఉంటే నిలవదు. అందుకని కరెంటు పోగానే సీసాని ప్లాస్టిక్ కవరులో పెట్టి, గుడ్డ చుట్టి, ఐసు వేసిన థర్మోస్‌లోకి మార్చండి. ఐసు సీసాకి నేరుగా తగలకూడదు.

సోమవారం ఉదయం 10 గంటలకు కలిపితే శుక్రవారం ఉదయం 10తో సరి. సగం మిగిలినా పారేయాల్సిందే. చికిత్స ఒక్కపూట కూడా ఆగకూడదు కాబట్టి గురువారమే కొత్త సీసా తెచ్చుకోండి. మందు మసకబారినా, పసుపు ముదిరినా అప్పుడే ఆపేయండి. తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు.

ప్రశ్న: కలిపిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) మందుల మీద ఎన్నాళ్ల గడువు రాయాలి?
– ఆస్పత్రి ఫార్మసిస్టు, శ్రీకాకుళం

జవాబు: అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) 797వ అధ్యాయం లెక్క పనికొస్తుంది. 2023 నవంబరు 1 నుంచి అమలైన రూపం చూడండి. క్లీన్‌రూమ్ (గాలిని వడగట్టి శుభ్రంగా ఉంచే గది) లేకుండా, విడిగా కేటాయించిన చోట, వడగట్టిన గాలి వచ్చే హుడ్ కింద కలిపితే గదిలో 12 గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు, అంతే. క్లీన్‌రూమ్‌లో, అన్నీ స్టెరైల్ సరుకుతోనే కలిపితే, స్టెరిలిటీ పరీక్ష చేయకపోయినా గదిలో 4 రోజులు, ఫ్రిజ్‌లో 10, ఫ్రీజర్‌లో 45. సరుకులో ఒక్కటి స్టెరైల్ కాకపోయినా, చివర్లో వడగట్టి స్టెరైల్ చేసినా, ఇవి 1, 4, 45 రోజులవుతాయి.

గది అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని మన గదికి ఈ లెక్క వర్తించదు. పైగా ఇవి సూక్ష్మజీవుల వైపు నుంచి పెట్టిన గరిష్ఠ హద్దులు. మందు బలం అంతకంటే ముందే తగ్గేదైతే ఆ తక్కువ గడువే రాయాలి.

లేబుల్ మీద ఉత్త 'సెఫజోలిన్' అని వదిలేయకండి. 500 మి.గ్రా. వయల్‌ని మొత్తం 10 మి.లీ. చేస్తే 'మి.లీ.కి 50 మి.గ్రా.' అని, కలిపిన తేదీతో పాటు గంట, పారేయాల్సిన తేదీ, గంట, నిల్వ ఉష్ణోగ్రత, కలిపినవారి పొడి అక్షరాలు రాయండి. విరిచిన ఆంప్యూల్‌లో (మొన విరిచి వాడే గాజు సీసా) మిగిలింది దాచొద్దు.

ప్రశ్న: మిగిలిన ఈ చుక్కలు ఇంట్లో ఇంకొకరి ఎర్రకన్నుకి వేయొచ్చా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: వద్దు. సెఫజోలిన్ బ్యాక్టీరియాకే పనిచేస్తుంది, వైరస్‌కీ ఫంగస్‌కీ కాదు. పొలంలో ఆకో పొట్టో తగిలిన కంటికి ఫంగస్ పట్టే అవకాశం ఎక్కువ. ముందు కంటి డాక్టరుకి చూపించండి.