వాషింగ్టన్‌లో హెల్త్ పాలసీ ఇంటర్న్‌షిప్‌కి మా అమ్మాయిని పంపొచ్చా?

కాలేజీ రెండో ఏడు చదువుతున్న మీ అమ్మాయి, మైనారిటీ విద్యార్థుల హెల్త్ పాలసీ ఇంటర్న్‌షిప్‌కి వేసవిలో వాషింగ్టన్ వెళ్తానంటోందని రాశారు. మనల్ని మైనారిటీ అంటారా, ఫోన్లు ఎత్తడం తప్ప అక్కడ నేర్చుకునేది ఏముంటుంది అన్నది మీ సందేహం. నేను 2016 వేసవిలో ఒక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడి ఆఫీసులో చేశానండీ. తప్పకుండా పంపండి.

ఫోన్లు ఎత్తాలి, నిజమే. మొదటి రెండు వారాలూ నాదీ అదే పని. కానీ నాకు ఆ వేసవి అనగానే గుర్తొచ్చేది వేరే.

నాకు పదమూడేళ్లప్పుడు, ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మమ్మకి గుండెనొప్పి వచ్చింది. నాన్న ఊళ్లో లేరు, అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆస్పత్రిలో డాక్టరు మాటలు తెలుగులో చెప్పమని నన్ను నిలబెట్టారు. స్టెంట్‌ని "రక్తనాళంలో చిన్న స్ప్రింగు పెడతారట అమ్మమ్మా" అన్నాను. ఏమేం ప్రమాదాలు రావచ్చో ఆయన చెప్పింది మాత్రం చెప్పలేకపోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. అలాగే సంతకం పెట్టేసింది. ఆ సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

నేను అక్కడుండగానే, జులై 18న, అఫర్డబుల్ కేర్ యాక్ట్ (ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం)లో వివక్ష కూడదనే 1557వ సెక్షన్ కింద కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు, ప్రాణం మీదికొచ్చిన సందర్భాల్లో తప్ప, పిల్లల చేత మాటలు తర్జుమా చేయించకూడదని అందులో ఉంది. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాని మీద నాలుగు పేజీల మెమో రాసిస్తే, ఆరోగ్య విషయాలు చూసే ఆవిడ "ఒక్క పేజీ చాలు, సార్ ఏం చెయ్యాలో మొదటి వాక్యంలోనే ఉండాలి" అని తిప్పి పంపింది. ఐదుసార్లు తిరగరాశాను. అమ్మమ్మ గురించిన రెండు వాక్యాల జోలికి మాత్రం ఆవిడ ఒక్కసారీ పోలేదు.

మైనారిటీ మాటకొస్తే, ఏషియన్ పసిఫిక్ అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కాంగ్రెషనల్ స్టడీస్ లాంటివి మనలాంటి పిల్లల కోసమే ఉన్నాయి, స్టైపెండ్ కూడా ఇస్తాయి. కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా ప్రోగ్రాములు అర్హతల మాటలు మార్చుకున్నాయి కాబట్టి ఈ ఏడు పెట్టినవే చదవండి. అమ్మాయి ఇంకా హెచ్-4 (హెచ్-1బి మీద ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదే ఉంటే జీతం వచ్చే పని కుదరదు, అది ముందే చూసుకోండి. ఇంటర్న్‌లకి జీతాలివ్వడానికి కాంగ్రెస్ 2018లో సభ్యుల ఆఫీసులకి విడిగా డబ్బు కేటాయించింది, అంతకుముందు చాలాచోట్ల ఊరికే చెయ్యాల్సి వచ్చేది. అయినా అక్కడి అద్దెలు ఎక్కువ, ఇల్లు వాళ్లే చూపిస్తారేమో అడగండి. దసరా వెళ్లగానే వెతకడం మొదలుపెడితే, సంక్రాంతి లోపు టెన్షన్ లేకుండా అప్లికేషన్లు పంపేయొచ్చు.

అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో మార్కుల గురించి రాయొద్దనండి, అవి ఎలాగూ ట్రాన్స్‌క్రిప్టులో ఉంటాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల సీసాల మీద రాసింది చదివి చెప్పేది తనే అయితే, అది రాయమనండి.