వార్డుకు వెళ్తే చేతులు వణుకుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ వార్డులో రోగి దగ్గర నిలబడితే చేతులు వణుకుతున్నాయి. పుస్తకాల చదువు వార్డులో అక్కరకు రాదని, ఇప్పటినుంచే నార్‌సెట్ (ఎయిమ్స్ నర్సింగ్ ఉద్యోగాల పరీక్ష) బిట్లు చదవమని సీనియర్లు అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: చేతులు వణుకుతున్నాయని ఈ వృత్తికి తగనేమోనని దిగులు పడకండి. రెండో సంవత్సరంలో అది సహజం. సీనియర్ల మాటను మాత్రం నేను ఒప్పుకోను. చదువు అక్కరకు వస్తుంది, దాన్ని మంచం దగ్గరికి తీసుకెళ్లాలి.

ఊపిరి లెక్కనే తీసుకోండి. వార్డు చార్టుల్లో వరుసగా అందరికీ నిమిషానికి 20 అని రాసి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట! విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో అది 12 నుంచి 20 వరకు ఉంటుంది. న్యుమోనియా ముదురుతున్నా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతున్నా, చాలామందిలో బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. అది 25కు చేరిందంటే డాక్టర్‌కు వెంటనే చెప్పాల్సిందే. నాడి చూసిన చేతిని వదలకుండా, ఛాతీ కదలికను నిండు నిమిషం లెక్కపెట్టండి. ఆ సంగతి రోగికి చెప్పకండి, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది.

ఇన్సులిన్ విషయంలో మరీ జాగ్రత్త. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందూ ఉంది, 100 యూనిట్ల మందూ ఉంది. 100 యూనిట్ల మందును, 40 యూనిట్ల మందు కోసం గీతలు వేసిన సిరంజిలో 10 గీత దాకా తీస్తే రోగికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ఫార్మకాలజీ పాఠం అక్కరకు రాదని ఎలా అనగలం?

డాక్టర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘పేషెంటుకు బాగోలేదు సార్’ అని ఆగిపోకండి. ఏ రోగి, ఏ జబ్బుతో చేరారు, గంట క్రితం ఎలా ఉన్నారు, ఇప్పుడు మీరు చూసిందేమిటి, వెంటనే వచ్చి చూడాలా... ఇంతా అర నిమిషంలో చెప్పడం సాధన చేయండి. హాస్టల్ గదిలో స్నేహితురాలే డాక్టర్ అనుకుని చెప్పి చూడండి.

నార్‌సెట్ మంచి లక్ష్యమే. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలు దాని ద్వారానే వస్తాయి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవారికి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. మీకు ఆ షరతు లేదు, డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. కాబట్టి బిట్ల సాధన చివరి సంవత్సరంలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. అప్పటిదాకా రోజుకు ఒక్క రోగిని ఎంచుకోండి. పేరు రాయకుండా జబ్బు, మందులు, ఏ మందు ఎందుకిచ్చారు, సాయంత్రానికి ఏం మారింది అన్నవి నోట్సులో రాసుకుని, రాత్రికి ఆ పాఠం తెరవండి.

రేపటి డ్యూటీకి సెకన్ల ముల్లున్న గడియారం పెట్టుకుని వెళ్లండి.