ఇంటి సంరక్షణ నుంచి వృద్ధుల సంరక్షణ కేంద్రానికి ఎప్పుడు మార్చాలి?

విజయవాడలో మీ అత్తగారిని ఆయా సాయంతో ఇంట్లోనే చూసుకుంటున్నారు, సంరక్షణ కేంద్రానికి ఎప్పుడు మార్చాలని అడిగారు.

ముందు రాత్రుళ్లు ఎలా గడుస్తున్నాయో చూడండి. పగటి పనులు ఆయాతో నెట్టుకురావచ్చు. మతిమరుపు వ్యాధి ముదిరి రాత్రంతా తిరగడం, తలుపు తీసుకుని బందరు రోడ్డు మీదికి వెళ్లిపోవడం, తెలియకుండానే మలమూత్రాలు పోవడం, పదేపదే పడిపోవడం మొదలైతే ఇంటి సంరక్షణ చాలకుండా పోతుంది. మంచానికే పరిమితమైతే ఒంటికి పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రీ పగలూ ఒక్క మనిషి ఆ పని చేయలేరు. చూసుకునేవారి ఆరోగ్యం దెబ్బతినడమూ సరైన కారణమే. దానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

అయితే నిన్నటిదాకా బాగున్నవారు హఠాత్తుగా తికమకపడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం (ఉప్పులోని లవణం) తగ్గడం, కొత్తగా వాడుతున్న మందు కారణం కావచ్చు. ముందు వైద్యం చేయించండి. తుంటి ఎముక విరిగిన వెంటనే ఆసుపత్రి మంచం దగ్గర నిర్ణయం తీసుకోవడం అసలే వద్దు. శస్త్రచికిత్స, ఫిజియోథెరపీ తర్వాత మళ్లీ నడిచేవారు ఎందరో ఉన్నారు.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు రాత్రివేళ శిక్షణ పొందిన నర్సు ఉంటారా అని గట్టిగా అడగండి. చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకుంటాయి. వృద్ధుల సహాయ నంబరు 14567కు ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. అత్తగారు తన ఇష్టం చెప్పగలిగే స్థితిలో ఉండగానే ఆవిడను కూర్చోబెట్టి అడగండి.