రెండింటికీ 14 కోర్లే... డబ్బు దేని మీద పెట్టాలి?

ప్రశ్న: ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ పనులు చేస్తున్నాను. రోజంతా కోడ్ రాయడం, కంపైల్ చేయడం (అంటే కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చడం), రెండు మూడు వర్చువల్ మెషీన్లలో (ఒకే కంప్యూటర్‌లో విడి కంప్యూటర్లలా నడిచేవి) పరీక్షించడం. ఇవి కాక నెలాఖరున రెండు రోజులు ఒక క్లయింట్ డేటా మొత్తం ప్రాసెస్ చేసివ్వాలి. పాత కంప్యూటర్ చాలడం లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్ ఉన్న సర్వర్ ఒకటి చూశాను: 14 కోర్లు, 28 థ్రెడ్లు, 128 జీబీ ర్యామ్. ఇంటెల్ ఐ9-12900హెచ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కూ 14 కోర్లే, థ్రెడ్లు 20. సర్వర్ ధర ల్యాప్‌టాప్ ధరలో 40 శాతమే. ఎమర్జెన్సీ ఫండ్ తీసి సర్వర్ కొనేయనా, 18 నెలల ఈఎంఐలో ల్యాప్‌టాప్ తీసుకోనా? పెట్టుబడిగా ఏది మేలు?

జవాబు: ముందు ‘పెట్టుబడి’ అన్న మాట పక్కన పెడదాం. ఈ రెండూ కొన్న రోజు నుంచీ విలువ తగ్గేవే. కాబట్టి ఏది పెరుగుతుందని కాదు, మీకు డబ్బు తెచ్చే ఒక్కో గంట పనికి ఏది తక్కువ ఖర్చు పెట్టిస్తుందని చూడాలి. దానికి ప్రాసెసర్ల సంగతి కొంచెం లోతుగా మాట్లాడుకోక తప్పదు.

కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం, థ్రెడ్ అంటే దానికి అప్పగించే ఒక పని వరుస. 14 అన్న అంకె రెండు చోట్లా ఒకటే, అర్థం మాత్రం వేరు. జియాన్‌లో 14 కోర్లూ ఒకే రకం. మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల క్లాక్ టిక్కులు), టర్బోలో, అంటే కొద్దిసేపు వేగం పెంచుకున్నప్పుడు, గరిష్ఠంగా 3.3. ఐ9లో 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు. పెద్ద కోర్ 5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అంటే క్లాక్ వేగంలోనే ఒకటిన్నర రెట్లు ఎక్కువ. పైగా జియాన్ 2016లో వచ్చింది, ఐ9 2022లో. ఈ ఆరేళ్లలో ఒక్కో క్లాక్ టిక్కుకు కోర్ చేసే పని కూడా బాగా పెరిగింది. మీరు ఒక ఫైల్ మార్చి, కంపైల్ కొట్టి, స్క్రీన్ వంక చూస్తూ కూర్చునే ఆ కొద్ది సెకన్లున్నాయే, అక్కడ ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్లే పరుగెడతాయి. మిగతావి ఊరికే ఉంటాయి. రోజుకు ఎన్నిసార్లు అలా ఎదురుచూస్తారో మీకే తెలుసు.

కోర్లు ఎన్ని ఉన్నా పని వాటి మధ్య పంచుకోవడానికి వీలుండాలి. ఒక పనిలో పదో వంతు వరుసగానే, ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలనుకోండి. 14 కోర్లు పెట్టినా వేగం సుమారు ఆరు రెట్లే పెరుగుతుంది. వెయ్యి కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన లెక్క ఇది. కోర్ల సంఖ్య చూసి డబ్బు పెట్టే ముందు ఈ లెక్క వేసుకోవాలని నేను ప్రతివారికీ గట్టిగా చెబుతాను.

మెమరీలో ఒక విశేషం ఉంది. జియాన్‌కు నాలుగు ఛానెళ్లలో (మెమరీకి వెళ్లే దారులు) డీడీఆర్4-2400 రకం మెమరీ, ఐ9కు రెండు ఛానెళ్లలో డీడీఆర్5-4800. ఛానెళ్ల సంఖ్యను చివరి అంకెతో, మళ్లీ 8 బైట్లతో గుణించి చూడండి, రెండింటికీ సెకనుకు 76.8 జీబీయే వస్తుంది. వేగంలో సర్వర్‌కు పైచేయి లేదు. సామర్థ్యంలో ఉంది: ఆ జియాన్ 1.5 టీబీ దాకా మెమరీ తీసుకుంటుంది, ఐ9కు 64 జీబీయే హద్దు. సర్వర్‌లో ఈసీసీ మెమరీ కూడా ఉంటుంది. ఒక బిట్ తారుమారైతే పట్టుకుని సరిదిద్దుతుంది. రాత్రింబవళ్లు నడిచే లెక్కలకు అది నిజంగా విలువైనదే. మరి మీ పనికి 64 జీబీ దాటి కావాలా? మీరు అది రాయలేదు. నెలాఖరు పని నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ గీత ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి. 40 జీబీ దగ్గర ఆగితే 128 జీబీకి డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఇక ఆ ‘40 శాతం’ ధర. ల్యాప్‌టాప్ ధర 100 అనుకుందాం, సర్వర్ 40. ఆ జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు విడిగా కొనాలి. మానిటర్, ఎస్ఎస్‌డీ కావాలి. ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీయే రక్షణ, సర్వర్‌కు యూపీఎస్ పెట్టాలి. ఇవన్నీ కలిపి 25 వేస్తున్నాను, మీరు మీ అంకెలు వేసుకోండి. మొత్తం 65. ఇప్పటికే వయసు మీద పడిన యంత్రం కాబట్టి మూడేళ్లు వాడి 5కు అమ్మితే, ఏడాదికి పడే ఖర్చు 20. ల్యాప్‌టాప్ నాలుగేళ్లు వాడి 20కి అమ్మితే 80 భాగించు 4, అదీ ఏడాదికి 20. తక్కువ ధర అనుకున్నది ఇక్కడికే సమానమైపోయింది.

కరెంటు ఇంకా కలపలేదు. గ్రాఫిక్స్ కార్డుతో కలిసి సర్వర్ సగటున 200 వాట్లు, ల్యాప్‌టాప్ 60 వాట్లు లాగుతాయనుకుంటే, రోజుకు పది గంటలకు ఒకటి 2 యూనిట్లు, ఇంకోటి 0.6 యూనిట్లు. ఏడాదికి 300 పని దినాలు వేస్తే తేడా 420 యూనిట్లు. రాత్రి ఆపకుండా వదిలేశారా, సర్వర్ ఒక్కటే ఏడాదికి 1,752 యూనిట్లు తాగుతుంది. వేడి, ఫ్యాన్ల హోరు బిల్లులో కనపడవు. సన్నటి రాక్ సర్వర్‌లో (అరల్లో పేర్చే రకం) 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్లు వరుసగా ఉంటాయి. అంత చిన్నవి అంత గాలి తోయాలంటే విపరీతమైన వేగంతో తిరగాలి. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకాయన అలాంటిది పడకగదిలో పెట్టుకుని, పది రోజులకే తలుపు అవతలికి మార్చి, మూడో నెలలో అమ్మేశారు. క్లయింట్‌తో ఫోన్‌లో మాట్లాడాలంటే దాన్ని ఆపాల్సి వచ్చేదని చాలా బాధపడ్డారు.

ఇంకో ముఖ్యమైన విషయం. విండోస్ 11కు సరిపోతాయని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో ఆ జియాన్ లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ మీద పని చేసేవారైతే ఇబ్బంది లేదు. విండోస్ తప్పనిసరైతే మాత్రం, క్లయింట్ డేటా మీ యంత్రంలో ఉంటుంది కాబట్టి ఒప్పందంలో భద్రతా అప్‌డేట్ల షరతు ఉందేమో ఒకసారి చదవండి.

ల్యాప్‌టాప్ వైపు లోపాలు లేవనడం లేదు. ఆ ఐ9 బేస్ పవర్, అంటే మామూలుగా లాగే కరెంటు, 45 వాట్లు, టర్బోలో 115 దాకా వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ అని పెట్టె మీద రాసింది కొద్దిసేపటి మాటే. గంటల తరబడి నడిచే పనిలో అది వేడెక్కి నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందన్నది బాడీని, ఫ్యాన్లను బట్టి ఉంటుంది. అందుకే ఒకే ప్రాసెసర్ ఉన్న పల్చటి మోడల్‌కూ మందపాటి మోడల్‌కూ చాలా తేడా. ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుంది, పోతే బోర్డు మొత్తం మార్చాలి. సర్వర్‌లోదైతే సాకెట్‌లోంచి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ర్యామ్ స్లాట్లు ఉన్న మోడలే చూడండి. వారంటీ పొడిగింపుకు నేను సాధారణంగా వద్దంటాను, సంపాదించి పెట్టే ల్యాప్‌టాప్‌కు మాత్రం తీసుకోమంటాను.

మరి నెలాఖరు రెండు రోజుల సంగతి? అది 20 గంటల పని అనుకుంటే ఏడాదికి 240 గంటలు. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. మూడు శాతం కూడా లేని అవసరానికి సర్వర్ కొని ఇంట్లో పెట్టుకోవడం నాకు సరి అనిపించడం లేదు. ఆ గంటలకు క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా వాడే వేరేవారి సర్వర్లలో) మెషీన్ అద్దెకు తీసుకోండి, ఆ ఖర్చు క్లయింట్ బిల్లులో చూపించండి. రెండు జాగ్రత్తలు: అక్కడ అద్దె లెక్కించే ప్రాసెసర్ కొలత వీసీపీయూ, అలాంటి ఒక వీసీపీయూ అంటే చాలావరకు ఒక థ్రెడ్డే, పూర్తి కోర్ కాదు. మెషీన్ ఆపినా దాని డిస్క్‌కు బిల్లు పడుతూనే ఉంటుంది, పని అయ్యాక డేటా దించుకుని డిస్క్ కూడా తీసేయండి. క్లయింట్ డేటా బయట పెట్టడానికి వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు. జీతం లేని మీలాంటివారికి రెండు నెలలు పని రాకపోతే ఆదుకునేది అదొక్కటే. అది ఖాళీ అయిన నెలలోనే క్లయింట్ చేజారితే, అద్దె కట్టడానికి ఆ సర్వర్‌నే అడ్డికి పావుశేరు లెక్కన అమ్మాల్సి వస్తుంది.

ఈఎంఐ తప్పు కాదు. గత 12 నెలల్లో మీకు అతి తక్కువ ఆదాయం వచ్చిన నెల ఏదో చూడండి. ఆ నెలలో ఇంటి ఖర్చులు పోను మిగిలిన దాంట్లో వాయిదా సగం దాటకూడదు. దాటితే నాలుగైదు నెలలు విడిగా పొదుపు చేసి డౌన్‌పేమెంట్ పెంచండి, ఈలోగా బరువు పనులు క్లౌడ్ మీద నడిపించండి. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదుకు ఇచ్చే తగ్గింపు పోతోందా అని అడిగి తెలుసుకోండి. ఐ9 కన్నా ఒక మెట్టు కింద ఐ7-12700హెచ్ ఉంది: అవే 14 కోర్లు, అవే 20 థ్రెడ్లు, గరిష్ఠ వేగం 4.7. ఆ తేడా డబ్బును ర్యామ్‌కూ వారంటీకీ మళ్లించడమే నాకు నచ్చే పద్ధతి.

ఈ నెలాఖరుకు ఒక కాగితం పక్కన పెట్టుకుని, ప్రాసెసర్ పూర్తిగా నిండిన గంటలు, మెమరీ తాకిన గరిష్ఠ అంకె రాసుకోండి. బరువు గంటలు నెలకు 200 దాటినా, మెమరీ 64 జీబీ మించినా మళ్లీ రాయండి. అప్పుడు సర్వర్ లెక్కే వేద్దాం, కాకపోతే 2016 నాటిది కాకుండా ఇంకాస్త కొత్త తరానిది చూద్దాం.