గొళ్ళెం లేని తలుపు

పర్లాకిమిడి

చిరంజీవి సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పరిశోధన ప్రణాళిక చదివాను. 'గజపతి జిల్లా బడుల్లో వెనుకబడిన పిల్లలు' అన్న శీర్షిక ముందు కొట్టెయ్యి. తేల్చవలసిన సంగతిని అక్కడే తీర్పుగా రాసేశావు.

ఇరవై ఏళ్లు బడుల్లో మనస్తత్వవేత్తగా తిరిగినదాన్ని కదా, నా తప్పు ఒకటి చెబుతాను. ఒక సవర పిల్లవాడికి తలుపు బొమ్మ చూపించి, ఇందులో ఏమి లేదో చెప్పమని ఒడియాలో అడిగాను. గొళ్ళెం లేదనాలి. అన్నీ ఉన్నాయన్నాడు. సున్నా వేశాను. నెల తర్వాత కొండమీద వాళ్ల ఇంటికి వెళితే తలుపు ఊరికే దగ్గరికి వేసి ఉంది. ఏ తలుపుకూ గొళ్ళెం లేదు! నా నివేదిక అప్పటికే బడి బీరువాలో చేరిపోయింది.

అందుకే ఒక్కొక్కరికీ ఇంట్లో ఏ భాష, సంతలో ఏది, బడిలో ఏదో ముందు రాసుకో. చదవడంలో తడబాటు ఒడియాలోనే ఉంటే పాఠాన్ని అనుమానించు. ఇంటి భాషలో కూడా మాటలోని శబ్దాలను విడదీయలేకపోతుంటే అభ్యసన వైకల్యం ఉందేమో చూడు. చూపు, వినికిడి పరీక్షలు చేయించకుండా ఏ మాటా అనకు. అలాగని అంతా భాష గొడవేనని సరిపెట్టుకున్నా ప్రమాదమే. డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యం, ఉన్న పిల్ల అందులో కొట్టుకుపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఉంది. ఆ పిల్లకు దక్కవలసిన సాయం నీ మొహమాటం వల్ల ఆగకూడదు.

బుద్ధి పరీక్షల చరిత్రకు పది పేజీలెందుకు? సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికే 1905లో ఫ్రాన్సులో బినే, సైమన్ అనే ఇద్దరు తొలి పరీక్ష తయారుచేశారని రాస్తే చాలు. మిగిలిన చోటు గిడుగు రామమూర్తి గారికి ఇవ్వు. సవరలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన పాటుపడింది ఈ ఊళ్లోనే. ఒడిశాలో 2007లో సవరతో సహా పది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. ఆ బడుల పిల్లలనూ ఒడియా బడుల పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడు. నీ పరిశోధనకు ప్రాణం అక్కడుంది.

మాస్టారిని దుబాసీగా పెట్టుకోకు. ఆయన ఎదుట పిల్లలు నోరు విప్పరు, విప్పినా జవాబు ఆయనే అందిస్తారు. గుమ్మ వైపు వెళ్లే ముందు ఫోను చెయ్యి. సవర మాట్లాడే అంగన్‌వాడీ ఆవిడ ఒకరు నాకు తెలుసు. ఆవిడ రోజు కూలీ నీ ఖర్చుల పట్టికలో లేదు, చేర్చు.

మీ పెద్దమ్మ